గాలికొండ దిగే గంట

అట్టపెట్టె కోసి కొత్త సైకిల్‌ను బయటికి తీశాడు. చక్రాలు బిగించాడు, హ్యాండిల్ నిలబెట్టాడు. వెనక చక్రం బ్రేకు వైరును ఎడమ చేతి లీవరుకు తగిలించి, ముందు చక్రం వైరును కుడి చేతి లీవరు వైపు లాగుతుండగా లింగస్వామి చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆగిందని అతనికి వెంటనే తెలియలేదు. వైరు బిరుసుగా ఉందనుకుని ఇంకోసారి లాగాడు. చెయ్యి కదల్లేదు. ఈ పనే, ఇట్లాగే, ఇదే స్టూలు మీద కూర్చుని బుధవారం సాయంత్రం కూడా చేశానని ఆ చేతికి ముందు గుర్తొచ్చింది, తలకు ఆ తర్వాత వచ్చింది. బుధవారం ఈ స్టాండు మీదున్నది నీలం సైకిల్. కృష్ణకుమారి సైకిల్. అతని భార్య సైకిల్. ఆమె ఇప్పుడు అరకు లోయలో, గాలికొండ మీద, ఆ సైకిల్ ఎక్కి కిందికి దిగడానికి సిద్ధంగా ఉంది. ఆమె కుడి చేతికి వెనక చక్రం ఆపడం అలవాటు. నాలుగేళ్ళ అలవాటు. బుధవారం సాయంత్రం అతను ఆ కుడి చేతిలో ముందు చక్రాన్ని పెట్టాడు. పెట్టిన సంగతి చెప్పలేదు.

గోడ మీద గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఈ కొత్త సైకిల్ తెచ్చిన ఉదయలక్ష్మి గారు చైతన్యపురిలో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. ఆన్‌లైన్లో తెప్పించుకున్న పెట్టెను ఆటోలో తెచ్చి దించి, "ఏవండీ, గంటలో అయిపోతుందా? ఒక్క క్లాసు చెప్పేసి వచ్చేస్తాను" అని వెళ్ళి పావుగంట కాలేదు. అయిపోతుందమ్మా అన్నాడు. లింగస్వామి దుకాణంలో ఏ పనికి ఎంతసేపో అతని వేళ్ళకు తెలుసు. పెట్టెలో వచ్చిన బయటిదేశం సైకిళ్ళు కొన్నింటికి ఎడమ చేతిలో ముందు బ్రేకు ఉంటుంది. వాటిని విప్పి కుడికి మార్చడం పన్నెండు నిమిషాలు. ఎవరినీ అడగడు. దోసె తిప్పేవాడు తిప్పనా అని అడుగుతాడా. ఇక్కడ బండి తోలే వాళ్ళందరికీ కుడి చెయ్యే ముందు బ్రేకు, మోటరు సైకిల్‌కు అంతే, పాత ఇనుప రాడ్ల సైకిళ్ళకు అంతే. అది దిల్‌సుఖ్‌నగర్ చెయ్యి. ఆ చేతికి లోబడని బండి లింగస్వామి గడప దాటి పోదు. మునుగోడు వైపు పల్లె నుంచి వచ్చిన కొత్తలో పన్నెండు కిరాయి సైకిళ్ళు పెట్టుకుని హాస్టల్ పిల్లలకు గంటల లెక్కన ఇచ్చే రోజుల్లో ఒక సైకిల్‌కు మాత్రం వైర్లు అటుదిటుగా ఉండేవి. దాన్నెక్కిన ఒక కుర్రవాడు సరూర్‌నగర్ వైపు వాలు దిగుతూ కుక్క అడ్డమొస్తే పట్టకూడని చెయ్యి పట్టాడు. సైకిల్ అక్కడే నిలబడిపోయింది, పిల్లవాడు మాత్రం హ్యాండిల్ మీదుగా ఎగిరి ముందు పడ్డాడు. రెండు పళ్ళు పోయాయి. ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపట్టక, తెల్లారి పన్నెండు సైకిళ్ళకూ ఒకే చెయ్యి చేశాడు లింగస్వామి. ఇంకెవరూ పడకూడదని పెట్టుకున్న నియమం అది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ పడలేదు. ఆ నియమమే నిన్న మొన్న అట్టపెట్టెలో పడుకుని, చిన్న లారీ ఎక్కి, ఏడు వందల కిలోమీటర్ల అవతల కొండమీదికి చేరింది.

ఫోను తీశాడు. వేలికి గ్రీజు, తెర మీద మచ్చ. మీరు కాల్ చేసిన వ్యక్తి ప్రస్తుతం కవరేజ్ ప్రాంతంలో లేరు. ఆ గొంతు ఎంత తీరికగా చెబుతుందో. మృదులకు చేశాడు. ఎనిమిది మంది ఆడవాళ్ళను వెంటేసుకుని పోయిన పిల్ల, మన్సూరాబాద్ పార్కులో పొద్దున్నే వీళ్ళకు వ్యాయామం చెప్పే ఫిజియోథెరపిస్టు. ఆమె కూడా కవరేజ్‌లో లేదు. సరే, మెసేజ్ పెడదాం. బ్రేకులు మార్చిన, కుడి చెయ్యి ముందుది, ఎడమది ఎనకది, ఆగు, దిగకు. పంపాడు. పక్కన ఒక్కటే టిక్కు, బూడిద రంగులో. అది పోయింది గాని చేరలేదు. ఎక్కడుందో ఇప్పుడు ఆ మాట. దిల్‌సుఖ్‌నగర్ దాటి, ఎల్బీనగర్ కూడలి దాటి, విజయవాడ రోడ్డు పట్టుకుని పోతూ ఉందేమో. సూర్యాపేట దాటిందేమో. ఆ మాటకు గేర్లు లేవు. నిన్న రాత్రి కృష్ణకుమారే చెప్పింది, పొద్దున ఆరింటికి లేస్తం, అరకు నుంచి గాలికొండ దాకా మెల్లగ ఎక్కుడే ఎక్కుడు, అక్కడ ఇడ్లీ తిని పదింటికి దిగుడు మొదలు, ఇంక కొండ కింద కోట అనే ఊరి దాకా తొక్కే పనే లేదంట, కూసుంటే చాలు సైకిలే పోతదంట. చిన్నపిల్ల తీర్థానికి పోయినట్టు చెప్పింది. ఫోను పెట్టేముందు ఇంకోటి చెప్పింది. వలిసె పూలంట. చేలన్నీ పసుపు పచ్చగా ఉన్నయంట, ఎవరో పసుపు దంచి ఆరబోసినట్టు. మంచు పడితే ఆ పసుపు మాయమై మళ్ళ ఒస్తదంట.

ఆ పసుపు లింగస్వామికి కనబడుతోంది. అతను శ్రీశైలం దాటి ఎటూ పోలేదు, అదీ బస్సులో, కిటికీ పక్కన కాదు. అయినా కనబడుతోంది. దుకాణం ముందు మెట్రో స్తంభాల కింద ఎండ చారలు చారలుగా పడి ఉంది, చారకూ చారకూ మధ్య ఒక ఆటో, ఒక చెరుకురసం బండి, హాస్టల్ బోర్డుల కింద తడితలల అమ్మాయిలు. వాటి వెనకాల, ఎక్కడో వాటి లోపల్నుంచి, ఆ పసుపు పైకి తేలి వస్తోంది. చేలు అయిపోయాక చెట్లు మొదలవుతాయని చెప్పింది. నిటారుగా, తెల్లటి బోదెలు, సిల్వర్ ఓకు అంటారట, ప్రతి బోదెకూ మిరియం తీగ చుట్టుకుని ఉంటుందట, ఆ నీడలో కాఫీ మొక్కలు. చీరె చుట్టుకున్న ఆడవాళ్ళలా ఉన్నాయని అంది చెట్లు. అట్లా ఎప్పుడు మాట్లాడిందని ఈమె. ఇంట్లో పప్పు, పాలు, గ్యాస్ వచ్చిందా లేదా, వాన పడుతుంది బట్టలు తీయండి, ఇవే మాటలు. ఈ మాటలన్నీ ఎక్కడ దాచుకుంది. పైన మెట్రో రైలు పోయింది. గాలి వాన కొండ మీద నుంచి దిగినట్టు చప్పుడు చేసుకుంటూ పోయింది, చప్పుడు అయిపోయాక చెట్ల కింద ఉండే చల్లదనం ఒకటి వచ్చి మెడ మీద ఆనింది. ఆ చల్లదనంలో తొమ్మిది సైకిళ్ళు వరసగా. ముందు మృదుల, నడుమ ఏడుగురు, అందరి వెనక నీలం సైకిల్. ఆమె ఎప్పుడూ వెనకనే ఉంటుంది. కాలనీలో కూడా అంతే, అందరినీ పోనిచ్చి తను కదులుతుంది. వెనక ఉండడం మంచిది. ముందువాళ్ళు ఆగితే చూసి ఆపొచ్చు. ఏ చెయ్యితో ఆపుతుంది. కుడి చెయ్యితో. గట్టిగా.

మనిషిని చూస్తే లింగస్వామికి సైకిల్ తెలుస్తుంది. గడప ఎక్కేటప్పుడే కాలు పొడవు చూస్తాడు, అడుగు వేసే తీరు చూస్తాడు. బడంగ్‌పేట్ నుంచి వచ్చామంటే వెడల్పు టైరు, ఆ వైపు కొత్త కాలనీల్లో రోడ్లు ఇంకా సగం సగమే. పరీక్షలకు చదివే పిల్లలైతే వెనక క్యారేజీ గట్టిది, దాని మీద ఇంకొకడు కూర్చుంటాడు. కొన్నది ఎన్నాళ్ళు తొక్కుతారో కూడా లెక్క వేయగలడు. పొట్ట తగ్గించుకుందామని వచ్చినవాళ్ళు మూడు వారాలు. ప్రేమలో పడ్డవాళ్ళు ఒక చలికాలం. డాక్టరు చెప్పాడని వచ్చేవాళ్ళు ఆ డాక్టరు చీటీ మాసిపోయేదాకా. ఈ లెక్క తప్పడం అరుదు. నాలుగేళ్ళ కింద కృష్ణకుమారి షుగర్ రిపోర్టు పట్టుకుని దుకాణానికి వచ్చి, తల పైకెత్తి, కొక్కేనికి వేలాడుతున్న నీలం సైకిల్‌ను చూసి, అది దింపు, నేను నేర్చుకుంట అన్నప్పుడు ఆమెను కూడా ఒక కస్టమరును చూసినట్టే చూసి, వారం అనుకున్నాడు. ఒక్క వారం. ఆ సైకిల్ జర్మనీలో ఉద్యోగం చేసొచ్చిన మహిపాల్ అనే అతను తెచ్చి, ఇక్కడ తొక్కేవాళ్ళు లేరని తన పిల్లవాడి సైకిల్‌కు మార్పిడిగా ఇచ్చిపోయినది. ఆడవాళ్ళ కొలత, పొట్టి ఫ్రేము. చూసినవాళ్ళంతా ఎక్కి ఒక రౌండు పోయి, బ్రేకు ఉల్టా ఉందన్నా అని తెచ్చి నిలబెట్టేవారు. కొనేవాడు దొరికినప్పుడు మారుద్దాం లెమ్మని కొక్కేనికి ఎత్తాడు, అట్లాగే దింపి ఇచ్చాడు. వారానికి మళ్ళీ కొక్కెం ఎక్కేదానికి పన్నెండు నిమిషాల పని ఎందుకు. ఆ దుకాణం చరిత్రలో అతని చెయ్యి పడకుండా బయటికి పోయిన సైకిల్ అదొక్కటే.

వారం కాదు. మన్సూరాబాద్ గల్లీలో పాలవాడు రాకముందే లేచి, చుడీదారు వేసుకుని, కూతురు వయసు పిల్లలు నవ్వుతుంటే వాళ్ళతోపాటు తనూ నవ్వుతూ, గేటు పట్టుకుని ఎక్కి, గోడ పట్టుకుని దిగి, మోకాలికి పసుపు రాసుకుంటూ నేర్చుకుంది. యాభై ఏళ్ళ మనిషి. అతను ఇంటి మెట్ల మీద ఛాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని చెప్పేవాడు. ఎనక బ్రేకు గట్టిగ పట్టు, ముందుది మెల్లగ ఆనించు, వాలు మీదైతే ఎనకదే ఎనకదే. ఆమెకు ముందు ఎనక అంటే గాభరా. దాన్ని చేతుల్లోకి మార్చుకుంది. కుడి గట్టిగ, ఎడమ మెల్లగ. కుడి గట్టిగ, ఎడమ మెల్లగ. బతుకమ్మ ఆడినట్టు ఆ మాటకొక చప్పట్ల తాళం పెట్టుకుని గల్లీ మొదలు నుంచి చివరిదాకా అనుకుంటూ పోయేది. వినీ వినీ ఎదురింటి పెంటమ్మ పిన్ని కూడా ఆకుకూర ఏరుతూ అదే అనేది. కుడి గట్టిగ. ఇప్పుడు గాలికొండ వాలు మీద ఆ పాటే నడుస్తూ ఉంటుంది. రోడ్డు అటు తిరిగి ఇటు తిరిగి, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, లోయలో మంచు పాలలాగా నిలిచి ఉంటుంది. మలుపు దగ్గర ఎదురుగా బస్సు వస్తుంది. ఆమె పాట ప్రకారం పడుతుంది. కుడి గట్టిగ. ముందు చక్రం ఠక్కున నిలబడుతుంది. రెండు పళ్ళు. ఆ పిల్లవాడి రెండు పళ్ళు రోడ్డు మీద నుంచి ఏరి అతనే జేబులో వేసుకున్నాడు ఆ రోజు, ఎందుకో తెలియదు, దవాఖానలో అతికిస్తారనుకున్నాడేమో.

"అన్నా, గాలి కొట్టవా?"

ఎవరో స్కూటరు వాడు. లింగస్వామి లేచి గాలి పైపు తీసి టైరుకు పెట్టాడు. గాలి పోతోంది. గాలికొండ అని పేరు ఎందుకు పెట్టారో. అక్కడ నిలబడితే కొంగు నిలవదంట, మృదుల చెప్పిందట. గాలి పోతోంది.

"ఏందన్నా, టైరు పేల్చి కొత్తది అమ్ముదామనుకుంటున్నవా?"

తీశాడు. స్కూటరు వాడు నవ్వుకుంటూ పోయాడు. పది దాటి ఏడు నిమిషాలు. ఒక్క టిక్కే. ఏదైనా చెయ్యాలి. చెయ్యడానికి ఏముంది అని లెక్క వేశాడు, లెక్క వేయడం ఒక్కటే అతని చేతిలో ఉంది గనక. ఇరవై ఆరు అంగుళాల చక్రం ఒకసారి తిరిగితే రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు. అరకు నుంచి కోట అరవై పైచిలుకు కిలోమీటర్లు. ముప్పై వేల చుట్లు. అందులో దిగుడు సగం. పదిహేను వేల చుట్లలో ఆమె ఎన్నిసార్లు బ్రేకు పడుతుంది. మలుపుకు రెండు. వంద మలుపులనుకో. మెల్లగా పడితే ఏ చెయ్యైనా ఒకటే, ఏమీ కాదు. ఒక్కసారి బెదిరి పట్టాలి, ఒక్కసారి. రెండు వందల్లో ఒక్కటి. లింగస్వామి వ్యాపారమంతా ఇట్లాంటి ఒక్కటినే చూసి చేసింది. వంద స్పోకుల్లో లూజుగా ఉన్న ఒక్క స్పోకును చెవి పెట్టి విని పట్టుకునేవాడు. ఆ చెవి బుధవారం ఎటు పోయింది.

బుధవారం ఎటూ పోలేదు. ఇక్కడే ఉంది, అలిగి ఉంది. నాలుగు రోజులు నువ్వు లేకుంటె ఇల్లెట్ల నడుస్తది అని అతను అనలేదు. కొండల్ల సైకిలేంది ఈ వయసుల అనీ అనలేదు. వారం ముందు ఆమె భోజనం వడ్డిస్తూ, పోతున్న, పైసలు కట్టిన అంది. అడగడం కాదు, చెప్పడం. అన్నం కలుపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది, అంతే, తర్వాత తిన్నాడు. నోటితో అనాల్సినవన్నీ అనకుండా బుధవారం ఆమె సైకిల్‌ను స్టాండు ఎక్కించి చైను నుంచి చక్రాల ఇరుసుల దాకా విప్పి కడిగాడు. కొత్త గ్రీజు, కొత్త బ్రేకు రబ్బర్లు, కొత్త వైర్లు. ఇంత పని ఏ కస్టమరుకూ చెయ్యలేదు. నేను లేనిదే నీ సైకిల్ కొండ దిగదు అని చెప్పాలనుకుంది కాబోలు ఆ చెయ్యి. వైర్లు కొలిచి, ఒక్క వేలు కూడా మిగలకుండా కోసి, అలవాటైన చోట తగిలించింది. ప్రతి సైకిల్‌నూ మెట్రో స్తంభం దాకా తొక్కి చూసేవాడు, అది మాత్రం చూడలేదు, పెట్టె వచ్చేసింది, లారీ అబ్బాయి తొందరపెట్టాడు. ఆమె వచ్చి పెట్టె మీద తన పేరు రాస్తూ, ఏమన్న చెప్పేదున్నదా అని అడిగింది. అతను తలెత్తి చూసినప్పుడు ఆమె చేతిలో పెన్ను, కళ్ళు పెట్టె మీద. లేదన్నాడు. ఉంది. నిండా ఉంది. ఆ నిండా ఉన్నదాంట్లో అన్నిటికన్నా చిన్నది వైరు సంగతి, అది కూడా మిగతావాటి కింద పడి కనబడలేదు.

ఎప్పుడు కళ్ళు మూసుకున్నాడో తెలియదు. స్టూలు మీదే ఉన్నాడు, వైరు చేతిలోనే ఉంది, దారి కదులుతోంది. కొత్తగా పెళ్ళయినప్పుడు నల్లగొండ బస్టాండు నుంచి పల్లెకు ఆమెను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని తొక్కాడు. ముప్పై రెండేళ్ళయింది. ట్రంకు పెట్టె ముందు, ఆమె వెనక. చెరువు కట్ట దిగేటప్పుడు ఆమె చొక్కా పట్టుకుంది, ఒక్క మాట కూడా అనలేదు, ముందు ఏముందో ఆమెకు కనబడదు, అతని వీపు తప్ప. ఆ వీపును నమ్మి కూర్చుంది. దారి పొడుగునా గాజులు గలగల. ఇప్పుడు అదే క్యారేజీ మీద అతను కూర్చుని ఉన్నాడు. ఆమె తొక్కుతోంది. కాదు, తొక్కడం లేదు, దిగుడు కదా, కూర్చుంటే చాలు. అతనికి ఆమె వీపు, జడ చివర రబ్బరు బ్యాండు, నీలం హెల్మెట్ కనబడుతున్నాయి. ముందు ఏముందో కనబడదు. చెట్ల బోదెలు ఇటు నుంచి అటు పోతున్నాయి, ఒక్కో బోదె మీద ఒక్కో అంకె రాసి ఉంది, మెట్రో స్తంభాల మీద ఉన్నట్టే. మిరియం తీగలు అంకెల మీద పాకుతున్నాయి. కాఫీ పూలు డిసెంబరులో పూస్తాయా పూయవా, పూశాయి, మల్లెల వాసన, దాని కింద తడిమట్టి, దాని కింద గ్రీజు. లోయలో నుంచి ఎవరో ఆటోవాడు పిలుస్తున్నాడు, కోఠీ కోఠీ కోఠీ అని. మంచులోంచి ఒక గొడ్డు వచ్చి రోడ్డు దాటి మంచులోకి పోయింది. కృష్ణకుమారీ, కుడి పట్టకు అందామనుకున్నాడు. నోరు రాలేదు. చెయ్యి చాచి ఆమె కుడి చెయ్యిని హ్యాండిల్ మీద నుంచి తీసేద్దామనుకున్నాడు. చెయ్యి పోయింది, ఆమె మోచెయ్యి దాకా పోయింది, పోయి ఆగిపోయింది. తీస్తే పడుతుంది. తీయకున్నా పడుతుందేమో. వెనక కూర్చున్నవాడి చేతిలో ఏముంటుంది. నమ్మడం ఉంటుంది. చొక్కా పట్టుకున్నట్టు ఆమె చుడీదారు అంచు పట్టుకున్నాడు. ఒక మలుపు. ఇంకో మలుపు. గాజులు గలగల.

గాజులు కాదు. ఫోను. పానాల పళ్ళెంలో పెట్టిన ఫోను ఇనుము మీద వణుకుతూ పాకుతోంది.

"ఏమయ్యా, దుకాణం తెరిసినవా?"

"ఎక్కడున్నవ్?"

"డముకు అనే ఊరంట. ఛాయ్ తాగుతున్నం. ఇక్కడ వెదురు బొంగుల్ల కోడికూర వండుతున్నరు, పొగ సూస్తె ఆకలైతంది." గొంతులో గాలి ఇంకా నిండుగా ఉంది. "నీ మెసేజు ఇప్పుడే ఒచ్చింది. ఆగు, దిగకు అంట. సగం దిగినంక."

"కృష్ణకుమారీ, ఆ బ్రేకులు..."

"పొద్దుగాలనే సూసిన. ముందు చక్రం పెట్టి వైరు తగిలిస్తుంటే కుడి దిక్కు పోయింది. ఇదేంది అనుకున్న. చక్రం ఎత్తి తిప్పి, ఒక్కో చెయ్యి పట్టి సూడుమని నువ్వే కద నేర్పింది. సూసిన. ఉల్టా."

"సూసి ఎట్ల తొక్కినవ్? మృదులకు చెప్పి మార్పియ్యొద్దా?"

"మార్సనీకి వైరు అందితె కద. నువ్వు కొలిసి కోసినవాయె, జరంత గూడ ఇడువకుంట." అక్కడ ఎవరో నవ్వారు, ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఏదో అని మళ్ళీ వచ్చింది. "కుడి చేతి గాజులన్ని తీసి ఎడమ చేతికేసుకున్న. గాజులు లేని చెయ్యి ముందు చక్రం. ఉత్త చెయ్యితోని తిరుగుతున్నదని మీ అమ్మ పైనుంచి సూసి తిట్టకుంట పసుపు దారం గూడ కట్టిన. పాట గూడ మార్సిన. ఎడమ గట్టిగ, కుడి మెల్లగ."

లింగస్వామి ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించాడు. "పడలే కద?"

ఛాయ్ గ్లాసు ఎక్కడో పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఒక్కసారి. మలుపు కాడ కోతులు అడ్డమొచ్చినయి. చెయ్యి పాత పాట పాడింది. ఎనక చక్రం లేసింది, నేను పోయి కాఫీ చెట్లల్ల పడ్డ. ఇటు దిక్కు పడ్డ గాబట్టి చెట్లు. అటు దిక్కు పడితె..." ఆపింది. "మోచెయ్యి గీరుకపోయింది, రెండు గాజులు పలిగినయి. అంతె. పరేషాన్ గాకు."

అటు దిక్కు అన్న మాట దుకాణంలోనే ఉండిపోయింది. బయట చెరుకురసం బండి గజ్జెలు మోగుతున్నాయి. లింగస్వామి చేతిలో వైరు వేలి చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉంది, వేలి కొన తెల్లబడింది.

"తప్పయింది" అన్నాడు. ఆ మాట ఆ దుకాణంలో ఎప్పుడూ అనలేదేమో, పలకడానికి కొంచెం కష్టమైంది. "యాదికి లేకుండె. చెయ్యి చేసేసింది."

"తెలుసు. నీ చెయ్యి ఎటు పోతదో నాకు తెల్వదా." కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది అనిపించింది. "మార్సుతె మార్సినవ్, ఒక్క మాట అడిగితె ఏమైతుండె. ముప్పై రెండేండ్లల్ల నన్ను అడిగి చేసిన పని ఒక్కటి చెప్పయ్యా, సైకిల్ ఎనక ఒస్తున్న లారీల ఏసి నేను గూడ లారీ ఎక్కి కూసుంట."

వెతికాడు. నిజంగానే వెతికాడు, సామాను గదిలో బోల్టు వెతికినట్టు, అరలన్నీ. దుకాణం పెట్టినప్పుడు. మన్సూరాబాద్‌లో ఇల్లు తీసుకున్నప్పుడు, అది చూపించడానికి తీసుకుపోయాడు, కాని అడ్వాన్సు ఇచ్చాక. గోడకు రంగు. పిల్ల పేరు. సోఫా. అన్నీ మంచికే చేశాడు. ఏదీ చెడిపోలేదు. ఏ అరలోనూ ఆ బోల్టు లేదు. ఆమె తొందరపెట్టలేదు. కొండ మీది గాలి ఫోనులోంచి చెవిలోకి వస్తూ ఉంది, ఆ గాలి కోసమైనా ఇంకొంచెం సేపు వెతికేవాడు.

"ఇప్పుడు అడుగుతున్న" అన్నాడు చివరికి. "ఇంకెంత దూరముంది దిగుడు?"

"పదిహేను కిలోమీటర్లంట."

ఏడు వేల పైన చుట్లు. లారీ ఎక్కు అనే మాట నాలుక చివర ఉంది. దాన్ని అక్కడే పట్టుకున్నాడు, మెల్లగా, రెండు చేతులా.

"ఎట్ల చేద్దామనుకుంటున్నవ్? తొక్కుతవా, లారీ ఎక్కుతవా?"

ఫోనులో గాలి ఆగినట్టుంది.

"తొక్కుత" అంది. "మెల్లగ. అందరి ఎనక."

"సరే."

"సరేనా?"

"సరే. గాజులు ఎడమ చేతికే ఉంచుకో."

నవ్వింది. కోట చేరినంక చేస్తా అని పెట్టేసింది. ఫోను తెర మీద అతని మెసేజ్ పక్కన రెండు టిక్కులు నీలంగా మారి ఉన్నాయి. లింగస్వామి వేలి చుట్టూ ఉన్న వైరును విప్పాడు. వేలికి మెల్లగా ఎరుపు తిరిగి వచ్చింది. ఇంకా గంటో గంటన్నరో ఉంది ఆమె కోట చేరడానికి, ఆ ఏడు వేల చుట్లూ ఇక్కడ కూర్చునే తిరగాలి.

ఉదయలక్ష్మి గారు రోడ్డు దాటి వచ్చారు. వేళ్ళకు సుద్దపొడి. స్టాండు మీద సైకిల్ సగంలో ఉండడం చూసి, "అయ్యో, ఇంకా అవ్వలేదాండీ? గంటన్నారు కదా" అన్నారు. లింగస్వామి లేచాడు. ముందు చక్రం వైరు కుడి లీవరు కింద వేలాడుతూ ఉంది. అతని చెయ్యి దాన్ని అందుకుని కుడి వైపుకే పోయింది, పోయేదే. సగం దారిలో దాన్ని ఆపాడు.

"అమ్మా, మీకు ముందు బ్రేకు ఏ చెయ్యి అలవాటు?"

ఆమె తికమకగా చూశారు. సైకిల్ బిగించేవాడు ఇది అడుగుతాడని ఆమె అనుకోలేదు, అడిగినవాడు కూడా అనుకోలేదు. "ఏమోనండీ. చిన్నప్పుడు కాకినాడలో తొక్కాను, మళ్ళీ ఇదే. చెయ్యికే తెలియాలి."

"అయితె ఎక్కి కూసోండి. నేను పట్టుకుంట. కండ్లు మూసుకుని, వాలు దిగుతున్నట్టు అనుకుని, ముందు బ్రేకు మెల్లగ ఆనించండి."

ఆమె నవ్వుతూ ఎక్కారు. లింగస్వామి వెనక చేరి సీటు కింద పట్టుకుని నిలబడ్డాడు. ముందు ఏముందో కనబడదు, ఆమె వీపు తప్ప. మెట్రో పైన పోతూ ఉంది, స్తంభాల నీడలు రోడ్డు మీద ఇటు నుంచి అటు కదులుతున్నట్టున్నాయి. ఆమె కళ్ళు మూసుకున్నారు. రెండు చేతులూ హ్యాండిల్ మీద కాసేపు ఏమీ తెలియనట్టు ఉన్నాయి. అతను తొందరపెట్టలేదు. తర్వాత ఎడమ చేతి వేళ్ళు నాలుగూ, వాటంతట అవే, మెల్లగా ముడుచుకున్నాయి.

"ఇదేనండీ" అన్నారామె.

లింగస్వామి ముందుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తగిలించిన వెనక వైరును విప్పి, ముందు వైరును ఎడమ వైపుకు తీసుకున్నాడు. కొలిచాడు. కొయ్యడానికి ప్లయర్ ఆనించి, ఒక జానెడు వదిలి, అక్కడ కోశాడు.